మోరీ కోసం నిలబడ్డ మూడో మనిషి

ప్రపంచంలో ప్రజాస్వామ్యాలు చాలా ఉన్నాయి గానీ, గుండ్లమడుగు ప్రజాస్వామ్యమంత సమతూకంగా నడిచేది మరొకటి లేదు. పోచంపల్లిలో బస్సు దిగి ఆటో ఎక్కితే వచ్చే ఈ ఊళ్లో అన్నీ రెండేసి ఉంటాయి. పై వాడ, కింది వాడ. రెండు వినాయక మండపాలు, రెండు చోట్ల బతుకమ్మ, రెండు మంగలి దుకాణాలు. చాయ్ హోటల్ మాత్రం ఒక్కటే. అయితే దాన్ని నడిపే లియాఖత్ అలీ ముందుచూపున్న మనిషి కాబట్టి దానికి రెండు తలుపులు పెట్టించాడు. ఎవరి తలుపులోంచి వాళ్లు వచ్చి, ఎవరి బల్ల మీద వాళ్లు కూర్చుని, ఒకే గిన్నెలో కాగిన చాయ్ తాగి, అవతలి బల్ల మీదికి పోయేది నీళ్ల చాయ్ అని చెప్పుకుంటూ పోతారు.

పై వాడ పార్టీకి మల్లేష్, కింది వాడ పార్టీకి ఎల్లస్వామి నాయకులు. ఇద్దరూ ఒకరి చెల్లెలిని ఒకరు చేసుకున్న కుండమార్పిడి బావమరుదులు. వీధిలో బద్ధశత్రువులు, ఇంట్లో పక్కపక్క విస్తళ్లు. (సిద్ధాంత విభేదాలను అన్నాల దగ్గరికి తేవద్దని ఇద్దరు చెల్లెళ్లూ ముందే తేల్చి చెప్పారు.) ఐదేళ్లు ఒకాయన గ్రామాభివృద్ధి కమిటీకి అధ్యక్షుడైతే, తర్వాతి ఐదేళ్లు రెండో ఆయన. ప్రజలు కూడా అంతే న్యాయంగా ఉంటారు. ఇంట్లో మొగుడి ఓటు ఒకరికి, పెళ్లాం ఓటు ఇంకొకరికి. ఎవరు గెలిచినా ఇంట్లో ఒకరు గెలిచినట్టే కాబట్టి, గుండ్లమడుగులో ఓడిపోయిన ఇల్లు అంటూ ఉండదు.

ఒక్క అండాలు ఇల్లు తప్ప.

పై వాడకూ కింది వాడకూ నడుమ ఉన్న గీత సరిగ్గా అండాలు ఇంటి ముందు నుంచి పోతుంది. మల్లేష్ తన హయాంలో పై వాడ మురుగునీళ్ల మోరీని ఘనంగా కట్టించుకుంటూ వచ్చి ఆమె ఇంటి ఈ మూల దగ్గర ఆపాడు. ఎల్లస్వామి తన హయాంలో కింది వాడ మోరీని అంతకన్నా ఘనంగా ఆ మూల నుంచి మొదలుపెట్టాడు. నడుమ రెండు చీరలు పరిస్తే సరిపోయేంత జాగా మిగిలింది. పై వాడ వాళ్లు స్నానాలు చేసి, గిన్నెలు తోమి, గేదెలను కడిగి వదిలిన నీళ్లన్నీ మోరీలో మర్యాదగా పారి వచ్చి, అండాలు గడప ముందు మోరీ లేక నిలబడిపోయేవి.

అండాలు, ఆమె మొగుడు మైసయ్య పట్టు చీరలు నేస్తారు. నేతకు ముందు పడుగును వీధి పొడవునా గుంజలకు కట్టి, సాగదీసి, పోగు పోగు సరిచూసుకోవాలి. ఇంటి ముందు మురుగు ఉంటే పడుగు ఎక్కడ పరుస్తారు? పోయిన వానాకాలం గుంజ ఊడి పడుగు పడుగంతా మోరీ నీళ్లలో పడింది. రంగులద్దిన పట్టు. అక్కర్లేని చోట రంగు అంటకుండా పోగులకు చిటికి కట్టీ కట్టీ అండాలు వేళ్లు కాయలు కాసిన పట్టు. ఆ రోజు ఆమె ఏడ్చింది. ఆ తర్వాత ఏడవడం మానేసి, ఇద్దరు నాయకుల ఇండ్లకూ తిరగడం మొదలుపెట్టింది.

"అది కింది వాడ జాగా అక్కా. నేను చెయ్యి వెడితే మా బావ ఊకుంటడా?" అన్నాడు మల్లేష్.

"నీళ్లు ఎవ్వలయి? పై వాడయి. మరి మోరీ ఎవ్వలు కట్టాలె? నువ్వే చెప్పు చెల్లె," అన్నాడు ఎల్లస్వామి.

ఇద్దరి మాటల్లోనూ తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాయకులిద్దరూ ఎప్పుడైనా ఒకే మాట మీద నిలబడ్డారంటే అది ఈ మోరీ విషయంలోనే.

ఇలాంటి సమయంలో సంస్కరణ వచ్చింది.

కొత్త రాష్ట్రం వచ్చాక కొత్త జిల్లాలు వచ్చాయి. కొత్త జిల్లాలకు కొత్త ఆఫీసులు వచ్చాయి. ఆఫీసుల్లో ఒక గది ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది. గది ఉన్నాక విభాగం లేకపోతే బాగుండదని 'ప్రత్యామ్నాయ ఓటు ప్రయోగ విభాగం' ఏర్పాటు చేసి, దానికి రఘుపతి అనే అధికారిని వేశారు. రఘుపతి ఒకప్పుడు నల్లగొండలో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల లెక్కింపులో కూర్చున్నాడు. దుప్పటంత బ్యాలెట్లు, మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం, ఒక్కో అభ్యర్థిని తీసేయడం, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టడం. మిగతా సిబ్బంది ఆ హాలులోంచి నడుము నొప్పితో బయటికి వస్తే, రఘుపతి ఒక్కడు ప్రేమతో బయటికి వచ్చాడు. రెండు పార్టీల పీడ విరగడ కావాలంటే ప్రతి ఓటరూ ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయాల్సిందేనని ఆయన అప్పటినుంచీ కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నాడు. (కనిపించే వాళ్లు తగ్గిపోవడానికి కూడా అదే కారణమని ఇంట్లో వాళ్ల అభిప్రాయం.)

గుండ్లమడుగు కమిటీ ఎన్నికను ప్రయోగానికి ఎంచుకుని రఘుపతి అవగాహన సదస్సు పెట్టాడు.

"పెళ్లికి పోయిన్రనుకోండి," అన్నాడు మైకులో. "మీకు మొదటి ఇష్టం మటన్. మటన్ లేదు. అప్పుడు రెండో ఇష్టం చికెన్. అది కూడా లేదు. అప్పుడు మూడో ఇష్టం వంకాయ. ఓటు కూడా గంతే."

"మటన్ ఎందుకు లేదు?" అని అడిగింది అండాలు పక్కింటి గోపమ్మ.

"లేదని అనుకుందాం అమ్మా."

"గట్లెట్ల అనుకుంటం సారూ? పెళ్లికి పిలిచి మటన్ వెట్టకుంటే ఎట్ల? ఎవ్వలి పెండ్లి గది?"

పై వాడ వాళ్ల పెళ్లి అయ్యుంటుందని కింది వాడ వైపు నుంచి ఎవరో అన్నారు. మొన్న కింది వాడ పెళ్లిలో రెండో బంతికి చారు కూడా అందలేదని పై వాడ గుర్తు చేసింది. సదస్సు ఆ అంశం మీదే సాయంత్రం దాకా నడిచింది. రఘుపతి తన రిపోర్టులో 'ప్రజల నుంచి విశేష స్పందన' అని రాసుకున్నాడు.

ప్రయోగానికి ఒక చిక్కు వచ్చిపడింది. అభ్యర్థులు ముగ్గురైనా లేకపోతే ప్రాధాన్య ఓటు చెల్లదని నియమం. గుండ్లమడుగులో మూడో మనిషి ఎక్కడ దొరుకుతాడు? పుట్టిన పిల్లవాడికి పేరుకన్నా ముందు పార్టీ వచ్చే ఊరు అది. మల్లేష్, ఎల్లస్వామి ఆ రాత్రి అన్నాల దగ్గర కూర్చుని, అటూ ఇటూ కాని ఇల్లు ఊరు మొత్తంలో ఒక్కటే ఉందని ఒక అభిప్రాయానికి వచ్చారు. తెల్లవారి ఇద్దరూ కలిసి, మురుగు మీదుగా ఒకే గెంతు గెంతి, అండాలు గడపలో దిగారు.

"జర పేరు ఇయ్యి అక్కా. గెలిచేది లేదు, ఓడేది లేదు. ఊకె నిలవడుడే," అన్నాడు మల్లేష్.

"నిలవడితే మోరీ కడ్తరా?" అంది అండాలు.

"సూద్దాం," అన్నారు ఇద్దరూ. ఒకే మాట, ఒకే గొంతు.

అండాలుకు ఒళ్లు మండింది. మండినా ఆలోచించింది. ఎన్నికల్లో నిలబడితే మైకు ఇస్తారు. మైకు ఇస్తే మోరీ గురించి అందరి ముందూ మాట్లాడవచ్చు. ఆ ఒక్క ఆశతో పేరు ఇచ్చింది.

ఇక్కడ గుండ్లమడుగు ఒట్టు సంగతి చెప్పాలి. ఓట్ల ముందు నాయకుడు ఇంటింటికీ కోడిని, కల్లును పంపి, చేతిలో ఎల్లమ్మ పసుపు బండారు పెట్టి ఒట్టు వేయించుకుంటాడు. లియాఖత్ అలీ లాంటి వాళ్లు ఖుదా కసమ్ అంటారు. ఒట్టు మాటలు తాతల నాటి నుంచి ఒకటే: 'అవతలోనికి వెయ్య.' నాకు వెయ్యి అని అడగడం ఆ ఊళ్లో చిన్నతనం, అడుక్కున్నట్టు ఉంటుంది. ఉన్నవే రెండు పార్టీలు. అవతలివాడికి పడని ఓటు ఇవతలివాడికి కాక ఇంకెక్కడికి పోతుంది? అలా ఎవరి మర్యాదా పోకుండా పని జరిగిపోయేది.

ఇంతకుముందు మొగుడు ఒకరి దగ్గర, పెళ్లాం ఒకరి దగ్గర ఒట్టు వేసేవాళ్లు. కొత్త పద్ధతిలో ప్రతి మనిషికీ మూడు అంకెలున్నాయి కాబట్టి ప్రతి మనిషిలోనూ తనకు వాటా ఉందని ఇద్దరు నాయకులూ లెక్క వేసుకున్నారు. అందుకని ఈసారి ఇద్దరూ అందరి దగ్గరికీ పోయారు. అవతలోనికి ఒకటో నంబరు వెయ్యనని మల్లేష్ వేయించుకున్నాడు. అవతలోనికి ఒకటో నంబరు వెయ్యనని ఎల్లస్వామి కూడా వేయించుకున్నాడు. ఊరు రెండు కోళ్లు తిని, రెండు ఒట్లు వేసింది.

ఓట్లు పెట్టెలోంచి తీసి లెక్కపెట్టారు. రెండో ప్రాధాన్యం దాకా పోవాల్సిన అవసరమే రాలేదు. మల్లేష్ కుటుంబం మల్లేష్‌కు, ఎల్లస్వామి కుటుంబం ఎల్లస్వామికి వేసుకున్నవి పోగా, ఊరి ఓట్లన్నీ అండాలు పేరు ముందు ఒకటి అన్న అంకెతో మెరుస్తున్నాయి. రఘుపతి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు పార్టీల కోట కూలిపోయిందని పై ఆఫీసుకు అక్కడికక్కడే ఫోన్ చేశాడు.

మైకులో తాను మోరీ గురించి మాట్లాడిన మాటలు ఊరి గుండెకు తగిలాయని అండాలు అనుకుంది. ఇంటికి వచ్చాక తానే పోయి గోపమ్మ చేయి పట్టుకుంది.

"ఇంత ప్రేమ ఉందని నాకు ఎర్కలేదు వదినా."

"ప్రేమేంది?" అంది గోపమ్మ. "గాయనకు వెయ్యనని ఒట్టేసిన. గీయనకు వెయ్యనని ఒట్టేసిన. ఒట్టు తప్పితే ఎల్లమ్మ ఊకుంటదా? ఇగ మిగిలింది నువ్వే."

మిగిలినదాన్నైనా అధ్యక్షురాలినే కదా అని అండాలు సర్దుకుంది. మొదటి సమావేశంలో మొదటి పనిగా తన ఇంటి ముందు మోరీ తీర్మానం పెట్టింది. రఘుపతి చేయెత్తి ఆపాడు.

"కుదరదమ్మా. కొత్త నియమావళి. అధ్యక్షుని గడప మీద నిలబడి చూస్తే కనిపించే ఏ పనీ అధ్యక్షుడు మంజూరు చెయ్యొద్దు. అవినీతి కిందికి వస్తది."

"మోరీ నా గడప ముందటనే ఉన్నది గద సారూ? దూరం జరుపుమంటరా?"

"మోరీని జరిపే అధికారం కూడా ఈ నియమం కింద లేదు."

"కండ్లు మూసుకుని నిలవడ్త. అప్పుడు కనవడది."

రఘుపతి నియమావళి తిరగేశాడు. కళ్లు మూసుకోవడం గురించి అందులో ఏమీ లేదు. లేనిదాన్ని అనుమతి ఉన్నట్టుగా తీసుకోవడానికి వీల్లేదని మాత్రం ఒక నియమం ఉంది.

ఓడిపోయిన ఇద్దరినీ ఉపాధ్యక్షులుగా వేసుకోవాలని నియమం కాబట్టి మల్లేష్, ఎల్లస్వామి అక్కడే ఉన్నారు. మీరైనా తీర్మానం పెట్టండని అండాలు అడిగింది. "మాకేం కష్టం లేదక్కా, రేపు నీకే బద్నాం," అని ఇద్దరూ ఆమె పరువు గురించి ఎంతో బాధపడ్డారు. అది నిజమైన బాధే. ఆ తర్వాతి నెల రోజుల్లో ఆమె పై వాడకు వీధి దీపాలు వేయించింది, కింది వాడ బోరు బాగు చేయించింది. గడప మీద నిలబడితే అవేవీ కనిపించవు. తన పడుగును మాత్రం పక్క వీధుల్లో అడుక్కుంటూ పరుచుకుంది. ఒక వీధి వాళ్లు బండ్లు తీయాలని చుట్టబెట్టించారు. ఇంకో వీధిలో మేక పోగులు కొరికింది. మేక అవతలి పార్టీదని ఆ వీధి వాళ్లు ఓదార్చారు.

ఇక ఆమెకు దారి ఒక్కటే కనిపించింది. పదవి పోవాలి. మామూలు మనిషైతే మోరీ కావాలని అడగవచ్చు.

"రాజీనామా చేస్త సారూ. మళ్ల ఓట్లు వెట్టుండ్రి."

రఘుపతి ముఖం వెలిగిపోయింది. ఒకసారి చేస్తే ప్రయోగమే, రెండోసారి చేస్తే పరిశోధన అవుతుంది. అయితే మూడో అభ్యర్థి కావాలన్న నియమం అలాగే ఉంది, ఇంకెవరూ ముందుకు రాలేదు.

"నీ పేరు ఉంచుదామమ్మా. పేరుంటే చాలు, గెలవకుంటే సరిపాయె."

గెలిచిన వాళ్లు మోరీ కట్టాలని అండాలు ఈసారి నాయకులిద్దరి చేతుల్లోనూ తానే బండారు పెట్టి ఒట్టు వేయించుకుంది. ఇద్దరూ వేశారు. ఎవరు గెలిచినా మోరీ వస్తుంది. తాను గెలవకపోతే చాలు.

ఓడిపోవడానికి అండాలు పడినంత కష్టం గెలవడానికి కూడా ఎవరూ పడి ఉండరు. గడప గడపా ఎక్కింది.

"నీ కాళ్లు మొక్కుత, నాకు ఒకటో నంబరు వెయ్యకు పెద్దమ్మా. నేనేం పని చెయ్యలే."

"లైట్లు ఏపిచ్చినవ్ గద బిడ్డా."

"అవ్వి పోతయి. మంచియి కావు."

లియాఖత్ అలీ హోటల్లో రెండు బల్లల నడుమ నిలబడి తన మీద తానే నిందలు వేసుకుంది. "ఫికర్ జెయ్యకు బెహన్," అన్నాడు లియాఖత్ అలీ, "నేనైతే నీకు వెయ్య." ఆ మాటకు అండాలుకు సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. ఈసారి ఊళ్లో ఎవరూ తనకు వేయరు. మనసు తేలికపడింది. రాబోయే మోరీ కోసం గడప ముందు జాగాను రెండుసార్లు కొలిచి చూసుకుంది.

నాయకులు కూడా బుద్ధి తెచ్చుకున్నారు. అవతలోనికి వెయ్య అన్న పాత ఒట్టు వల్లే కొంప మునిగిందని గ్రహించి, చిన్నతనం అనుకోకుండా మాట మార్చారు: 'నీకే ఒకటో నంబరు వేస్త.' మల్లేష్ ఊరందరి చేతా వేయించాడు. ఎల్లస్వామి ఊరందరి చేతా వేయించాడు. ఇంట్లో మల్లేష్ పెళ్లాం, మా అన్నకు ఒకటో నంబరు వేస్తావా లేదా అని మల్లేష్ చేతనే ఒట్టు వేయించింది. అవతలి ఇంట్లో ఎల్లస్వామికీ అదే గతి పట్టింది. ఒక్క అండాలు ఇంటికి మాత్రం ఎవరూ పోలేదు. ఎదుటి అభ్యర్థి ఇంటికి ఒట్టు కోసం పోవడం మర్యాద కాదు.

పోలింగు రోజు ఊరు ఊరంతా కదిలింది. ఒట్టు వేసిన ప్రతి ఓటరూ మల్లేష్ పేరు ముందు ఒకటి వేశాడు, ఎల్లస్వామి పేరు ముందు ఒకటి వేశాడు. రెండు ఒకట్లు వేస్తే ఓటు చెల్లదని రఘుపతి అరిచి అరిచి చెప్పాడు. చెల్లదని వాళ్లకు తెలుసు. ఓటు చెల్లకపోతే రఘుపతికి కోపం వస్తుంది. ఒట్టు తప్పితే ఎల్లమ్మకు కోపం వస్తుంది. రఘుపతి సాయంత్రం బస్సుకు వెళ్లిపోతాడు.

లెక్కింపు మొదలైంది. రఘుపతి ఒక్కో బ్యాలెట్ తీసి చూడడం, చెల్లదని పక్కన పెట్టడం. నాయకులిద్దరి ఓట్లు కూడా ఆ కుప్పలోనే పడ్డాయి. చెల్లని కుప్ప బల్ల మీద పట్టక కింద చాప పరచాల్సి వచ్చింది. చిట్టచివరికి చెల్లినవి మూడు మిగిలాయి. వాటిలో ఒకటి మల్లేష్‌కు. అది అండాలు వేసింది. ఆమె తన చేతి అంకెను దూరం నుంచే గుర్తుపట్టి, హమ్మయ్య అనుకుంది.

మిగతా రెండూ అండాలువి.

"చెల్లిన ఓట్లలో మూడింట రెండు వంతుల మెజారిటీతో అండాలు గారు తిరిగి ఎన్నికైనారు," అని రఘుపతి ప్రకటించాడు. ఇంతటి శాతం మల్లేష్‌కు గానీ ఎల్లస్వామికి గానీ వాళ్ల జీవితంలో ఎప్పుడూ రాలేదని కూడా చెప్పాడు. రాజీనామా ఒక్కసారే చేయాలనీ, ఇక ఐదేళ్లూ పదవిలో ఉండి తీరాలనీ నియమం చదివి వినిపించాడు. పై వాడ, కింది వాడ కలిసి చప్పట్లు కొట్టాయి. ఊళ్లో ఎవరి ఒట్టూ తప్పలేదు. గెలిచిన వాళ్లు కదా మోరీ కట్టాల్సింది, మేము గెలవలేదాయె అని నాయకులిద్దరూ నిశ్చింతగా ఒకే బండి మీద అన్నాలకు వెళ్లిపోయారు.

అండాలు మురుగు గెంతి ఇంట్లోకి వచ్చేసరికి మైసయ్య మగ్గం మీద ఉన్నాడు. అత్త గుమ్మంలో కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. పెళ్లయిన నాటి నుంచి అండాలు వేసిన చారులో ఉప్పు సరిపోయిందని ఒక్కనాడూ అనని అత్త.

"నాకెవ్వలు వేసిన్రు?" అంది అండాలు.

"నేనే," అన్నాడు మైసయ్య.

"నేను గూడ," అంది అత్త. "ఎంతైనా ఇంటి కోడలివి. కాదనుకుంటమా?"

అండాలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో ఆమెకే తెలియలేదు. "ఊరు ఊరంత మొక్కిన గదయ్యా, నాకు వెయ్యకుండ్రని!"

"ఊరికి మొక్కినవ్," అన్నాడు మైసయ్య, పోగుల నడుమ నాడె ఆడించడం ఆపకుండానే. "మాకొక్క మాట చెప్పినవా?"

చెప్పలేదు. ఇంట్లో వాళ్లు తనకు ఓటు వేస్తారేమోనన్న అనుమానం ఆమెకు ఎన్నడూ రాలేదు.